పటములో చెరువు నుండి చెరువుకు



పాకాల, రామప్ప చెరువులను నిర్మించిన కాకతీయుల సీమ మనది. ఇచ్చట ఊరి చెరువులు అనేకము గొలుసుకట్టుగా ఉన్నవి. పై చెరువు మత్తడి దుంకిన నీరు వాగు పట్టి దిగువ చెరువును చేరును. పై కట్ట తెగినచో దిగువ కట్టకును, ఆయకట్టులోని వరికిని ముప్పు తప్పదు. కావున మీ చెరువుకు ఎగువన ఏ చెరువులున్నవో తెలిసికొనవలెను. ఇందుకు భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2009లో ప్రారంభించిన 'భువన్' పటము ఉపకరించును.

చూడవలసిన క్రమము:

1. ఊరి పేరు వెదకి, చెరువు స్పష్టముగా కనబడువరకు పటమును పెద్దది చేయుడు.

2. వాగులను, చెరువులను చూపు పొరను తెరువుడు.

3. చెరువులోనికి వచ్చు వాగు వెంట ఎగువకు పొండు. ఎదురైన ప్రతి చెరువు పేరును వరుసగా వ్రాసికొనుడు. పిదప మత్తడి నుండి దిగువకు అట్లే చేయుడు.

4. దారి తప్పినచో పటమును చిన్నది చేసి, మరల మీ చెరువు నుండి మొదలిడుడు. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ వాగులను దాటుచు సాగును. దానిని వాగని భ్రమపడి వెంబడింపరాదు.

ఉపగ్రహ చిత్రము ఏనాటిదో గమనింపుడు. వేసవిలో ఎండిన చెరువు బీడువలెను, గుర్రపుడెక్క కప్పిన చెరువు పచ్చని పొలమువలెను కనబడవచ్చును. కట్ట బీటలును, తూము కారుటయు పటమున కనబడవు. కావున మృగశిర కార్తెకు ముందే ఆ జాబితా చేతబట్టి, ఎగువ రైతులతో కలిసి కట్టలపై నడచి చూడుడు. లోపము కనబడినచో నీటిపారుదల శాఖవారికి వెంటనే తెలుపుడు.