తీవ్ర జబ్బుతో ఉన్న పిల్లలకు తోడుగా: వాలంటీర్లకు ఒక పాఠం

రోగిని పరామర్శించడం మన బాధ్యత. పళ్ళు తీసుకెళ్ళి, కాసేపు కూర్చుని, దుఆ చేసి రావడం మనందరికీ అలవాటే. కాని నయం కాని జబ్బుతో ఉన్న పిల్లల దగ్గరకు వారం వారం వెళ్ళడానికి మంచి మనసు ఒక్కటే చాలదు, శిక్షణ కూడా కావాలి.

హాస్పిస్ అంటే చావు కోసం ఎదురుచూసే చోటని చాలామంది భయపడతారు. పిల్లల కోసమే ప్రత్యేకంగా తొలి హాస్పిస్ 1982లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో 'హెలెన్ హౌస్' పేరుతో మొదలైంది. అక్కడ పిల్లలు కొన్నాళ్ళుండి తిరిగి ఇంటికి వెళ్తారు. అలసిన తల్లిదండ్రులకు ఆ కొన్నాళ్ళు విశ్రాంతి. పిల్లల్లో ఇలాంటి ఉపశమన సేవ జబ్బు బయటపడిన నాటి నుంచే మొదలై, చికిత్సతో పాటు సాగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో ఈ సేవలో కేరళ ముందుంది. 1993లో కోళికోడ్‌లో మొదలైన పని, తర్వాత మలప్పురం వంటి జిల్లాల్లో ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది రోగుల ఇళ్ళకు వెళ్ళేంతగా పెరిగింది.

వాలంటీర్లు నేర్చుకోవలసిన ముఖ్య విషయాలు ఇవి:

1. మన హద్దు: మందులు, ఆక్సిజన్, ఆహారపు గొట్టం మన పని కాదు. చూసింది నర్సుకు చెప్పడం మన పని. నొప్పితో ఉన్న బిడ్డ ఏడవకపోవచ్చు. ఆట మానేసి, గోడవైపు తిరిగి కదలకుండా పడుకోవచ్చు. డాక్టరు రాసిన మార్ఫిన్‌ను "అలవాటవుతుంది" అని తల్లిదండ్రులను బెదరగొట్టకూడదు.

2. ఆట: ఏ ఆట ఆడాలో బిడ్డే చెప్పాలి. సూదులు, మందులు వద్దనే వీలు లేని బిడ్డకు మనల్నయినా వద్దనే హక్కు ఉండాలి.

3. ప్రశ్న: "నేను చచ్చిపోతానా?" అని అడిగితే అబద్ధం చెప్పకూడదు, మాట మార్చకూడదు. "నీకెందుకలా అనిపించింది, బేటా?" అని అడిగి, చెప్పేది పూర్తిగా వినాలి. ఆ సంగతి తల్లిదండ్రులకు, వైద్య బృందానికి తెలపాలి.

4. తల్లిదండ్రులు: ఏడుస్తున్న తల్లితో "సబ్ర్ చెయ్యమ్మా" అనడం మనకు తేలిక. పసివాడైన కుమారుడు ఇబ్రాహీం చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) కన్నీరు పెట్టారు, అది కారుణ్యమని చెప్పారు. కన్నీరు సహనానికి విరుద్ధం కాదు. ఈ కష్టం ఎందుకొచ్చిందో వివరించబోకండి.

5. తోబుట్టువులు: తమ వల్లే జబ్బు వచ్చిందేమోనని చిన్నపిల్లలు లోలోపల అనుకుంటారు. వారితోనూ కూర్చోండి. "నీ తప్పేమీ లేదు" అని చెప్పండి.

6. నమ్మకం: చెప్పిన వేళకు వెళ్ళాలి. జలుబు చేస్తే వెళ్ళకుండా ముందే కబురు చేయాలి. ఫోటోలు తీయకూడదు, ఇంటి సంగతులు బయట చెప్పకూడదు. బిడ్డ పోయిన తర్వాత కూడా ఆ ఇంటికి వెళ్ళాలి. నలుగురూ రావడం మానేసే రోజులు అవే.

అభ్యాసం: ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు తమ దిగులు అయిదు నిమిషాలు చెప్పాలి. రెండోవారు సలహా ఇవ్వకుండా, తమ కథ ఎత్తకుండా వినాలి. తర్వాత స్థానాలు మారండి. ఎక్కడ నోరు తెరవాలనిపించిందో రాసుకోండి. తొలిసారి ఆసుపత్రికి వెళ్ళేముందు ఆ కాగితం ఒకసారి చదువుకోండి.