వార్ధక్యమున అవధానము – లింగధ్యానము

వయస్సు మీరినకొలది స్మృతి సడలునని లోకుల తలంపు. కాని పెక్కుసార్లు ముందుగా సడలునది అవధానము. మనస్సు మరియొకచోట నుండగా కంటి అద్దములను ఎక్కడనో పెట్టి, పిదప ఇల్లెల్ల వెదకుదురు. మనస్సు పట్టని దానిని స్మృతి దాచలేదు గదా!

ఇష్టలింగపూజ ఈ అవధానమునకు నిత్యాభ్యాసము. భక్తుడు విభూతి ధరించి, లింగమును ఎడమ అరచేత నుంచి, చూపును దానిపై నిలిపి పంచాక్షరిని జపించును. చేయి, చూపు, నాలుక ఒక్క పనియందే కూడును. అయినను మనస్సు పొలము గట్టునకో, మనుమరాలి పెండ్లికో పరుగిడును. అది తొలగెనని గుర్తించి మరల లింగమునకు తెచ్చుటయే సాధన.

ఇతర సంప్రదాయముల ధ్యానములను నేటి పరిశోధకులు పరీక్షించిరి. 2007లో అమెరికాలోని కొలరాడోలో 60 మంది మూడేసి నెలలు ధ్యానశిక్షణ పొందిరి. ఏడేండ్ల పిదప పరిశీలింపగా, అధికముగా సాధన సాగించిన పెద్దలలో వయస్సుతో వచ్చు అవధానక్షీణత తక్కువగా కనబడెను. ఇది సూచన మాత్రమే. 2022లో ప్రకటితమైన వేరొక పరీక్షలో 65 మొదలు 84 ఏండ్ల వారు 585 మంది పాల్గొనిరి. ఆరు నెలలకు ధ్యానము నేర్చినవారి స్మృతి, నేర్వనివారి స్మృతికంటె మెరుగుపడలేదు. కావున ధ్యానము మతిమరపునకు మందని బోధింపరాదు.

ఈ వివేకము గృహములందు మిక్కిలి అవసరము. పూజ ముగించిన గడియకే పెద్దాయన మరల పీటపై కూర్చుండును. “ఇందాకనే చేసితిరి గదా మామయ్యగారూ” అని కోడలు అన్నంతనే చిన్నబోవును. చూచినవారు భక్తి తగ్గినదందురు. అది భక్తిలోపము కాదు, వ్యాధిలక్షణము కావచ్చును. బి12 విటమిను కొరత, థైరాయిడ్ లోపము, దిగులు, కొన్ని మందుల ప్రభావము – వీనివలన కలుగు మరపు చికిత్సచే తగ్గవచ్చును. వినికిడి తగ్గినను మాట మనస్సునకు అందదు. కనుక ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

ఇంటివారు పూజకు ఒకే వేళను, ఒకే చోటును ఏర్పరుపవలెను. మనుమలు ప్రక్కన కూర్చుండి జపమున గొంతు కలుపవలెను. కాయకమును కైలాసముగా నెంచు శరణుల మార్గమున, పెద్దలకు పూలు కోయుట, వత్తులు చేయుట వంటి చేతనైన పని విడిచిపెట్టవలెను.

స్మృతి సడలినను గురువు కట్టిన లింగము భక్తుని ఒడలిని వీడదు. ఇంటివారును ఆయనను వీడరాదు.