మేపుల్ పాకం – వడపోత, సీసాలలో నింపుట: చిన్న ఉత్పత్తిదారునికి తగిన పరికరాలు

కెనడా దేశపు క్వెబెక్ రాష్ట్రంలోనూ, అమెరికాలోని వెర్మాంట్, న్యూయార్క్, మెయిన్ రాష్ట్రాలలోనూ శీతకాలం వెనుదిరిగే వేళ ఒక విచిత్రమైన ఫలసాయం చేతికి వస్తుంది. రాత్రి నీరు గడ్డకట్టే చలి, పగలు మంచు కరిగే ఎండ ఒకదాని వెంట ఒకటి వచ్చే ఆ కొద్ది వారాలలో పంచదార మేపుల్ వృక్షపు కాండానికి చిన్న రంధ్రం చేసినచో తియ్యని రసం బొట్లు బొట్లుగా కారుతుంది. ఆ రసాన్ని మరిగించి చిక్కబరచినదే మేపుల్ సిరప్, అనగా మేపుల్ పాకం.

రసంలో చక్కెర నూటికి సుమారు 2 పాళ్లు మాత్రమే ఉంటుంది. పాకంలో కనీసం 66 పాళ్లు ఉండవలెను. 86 అనే సంఖ్యను రసంలోని చక్కెర శాతంతో భాగిస్తే, ఒక లీటరు పాకానికి ఎన్ని లీటర్ల రసం కావలెనో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 2 శాతం రసమైతే 43 లీటర్లు! ఇన్ని కట్టెలు కాల్చి, ఇన్ని గంటలు పొయ్యి దగ్గర కాచుకొని సాధించిన పాకం చివరి గంటలో చెడిపోవచ్చును. అడుగున ఇసుక పేరుకొనవచ్చును. పైన బూజు పట్టవచ్చును. రసం మరిగించే పెనం విషయంలో శ్రద్ధ వహించే వారు సైతం వడపోతను, సీసాలను ఆఖరి నిమిషానికి విడిచిపెట్టుట కద్దు. ఇరవై ఐదు మొదలు రెండు వందల రంధ్రాల వరకు గల చిన్న ఉత్పత్తిదారుడు ఈ పరికరాలను ఎట్లు ఎన్నుకొనవలెనో తెలుపుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

వడపోత ఎందుకు?

మేపుల్ రసంలో చక్కెరతో పాటు కాల్షియం వంటి ఖనిజాలు, మాలిక్ ఆమ్లం స్వల్పంగా కలిసి ఉంటాయి. నీరు ఆవిరైపోయిన కొద్దీ ఇవి కరిగి ఉండలేక కాల్షియం మాలేట్ అనే లవణంగా విడివడి, సన్నని రేణువులుగా పాకంలో తేలుతాయి. అక్కడి రైతులు దీనిని ‘పంచదార ఇసుక’ అంటారు. ఇది హానికరం కాదు గాని, నాలుకకు గరగరగా తగులుతుంది, పాకాన్ని మసకబరుస్తుంది. అమెరికా, కెనడా ప్రమాణాల ప్రకారం ‘ఎ’ శ్రేణి పాకం ఏ రంగుదైనా తేటగా, మడ్డి లేకుండా ఉండి తీరవలెను.

పూర్వం అమెరికా ఆదివాసులు గాని, తరువాత వచ్చిన వలస రైతులు గాని ఈ రసాన్ని ఎక్కువగా గట్టి చక్కెరగానే మలచుకొనేవారు. అచ్చులలో గడ్డకట్టిన చక్కెరలో ఈ ఇసుక అంతగా కనిపించదు. పందొమ్మిదవ శతాబ్దం చివర చెరకు పంచదార చౌక కావడంతో మేపుల్ చక్కెరకు గిరాకీ తగ్గి, పాకానికి ప్రాముఖ్యం పెరిగింది. గాజు సీసాలో పోసిన పాకానికి దాపరికం లేదు. కావున వడపోత ఒక శాస్త్రమైనది.

వడపోత సాధనాలు

మన తెలుగు ఇళ్లలో లేతపాకం, తీగపాకం, ముదురుపాకం అనే భేదాలు అందరికీ తెలిసినవే. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో దీనినే చాష్నీ తీగలను బట్టి చెప్పుకుంటారు. పాకం వేడిగా ఉన్నప్పుడు పలుచగా జారుతుంది, చల్లారితే చిక్కబడి గరిటెను వదలదు. మేపుల్ వడపోతకు మూలసూత్రం ఇదే. పొయ్యి మీది నుంచి దించిన వెంటనే, మరుగు వేడి మీదనే వడపోయవలెను. ఆలస్యమైతే ఎంత ఖరీదైన వడపోత గుడ్డ అయినా మూసుకొనిపోతుంది.

మొదటిది శంకువు ఆకారపు ఫెల్ట్ సంచి. దీని లోపల కాగితం వంటి పలుచని గుడ్డలను నాలుగైదు ఒకదానిలో ఒకటి అమర్చుతారు. లోపలి గుడ్డ మూసుకొనిపోగానే దానిని పైకి తీసివేస్తే పాకం తరువాతి గుడ్డలోనికి దిగి, వడపోత ఆగకుండా సాగుతుంది. సంచిని వాడే ముందు వేడినీటిలో తడిపి, నీరు ఓడ్చవలెను. పొడి గుడ్డ పాకాన్ని తానే తాగివేస్తుంది. ఉతికేటప్పుడు వేడినీరు తప్ప సబ్బు ఎన్నడూ తగలరాదు. సబ్బు వాసన ఫెల్ట్‌లో నిలిచి తరువాతి పాకానికి అంటుతుంది. మెలిపెట్టి పిండినచో పోగులు తెగి గుడ్డ పాడగును.

రెండవది చదును వడపోత తొట్టి. స్టెయిన్‌లెస్ స్టీలు తొట్టిలో జాలీ పలక అమర్చి, దానిపై ఫెల్ట్ గుడ్డను పరుస్తారు. వైశాల్యం ఎక్కువ గనుక పాకం త్వరగా దిగుతుంది. మూత ఉంటే వేడి నిలుస్తుంది. కొన్నింటిలో కింది అర నింపే పాత్రగా కూడ ఉపయోగపడుతుంది. అప్పుడు వడపోసిన పాకాన్ని ఒక పాత్ర నుంచి మరొక పాత్రకు మార్చే శ్రమ, వేడి నష్టం రెండూ తప్పుతాయి.

మూడవది ఫిల్టర్ ప్రెస్. ఇందులో లోహపు పలకలు, చట్రాలు ఒకదాని ప్రక్కన ఒకటి బిగించి, నడుమ వడపోత కాగితాలను ఉంచుతారు. వేడి పాకంలో డయటమ్ మట్టిని కలిపి పంపుతో ఒత్తిడి చేసి పంపుతారు. డయటమ్‌లనే సూక్ష్మజీవుల సిలికా కవచాలు యుగాల తరబడి పేరుకొని ఏర్పడిన మట్టి ఇది. అది కాగితంపై పొరగా నిలిచి, ఇసుక రేణువులను పట్టివేస్తుంది. మొదట వచ్చే మసక పాకాన్ని తిరిగి తొట్టిలోనే పోయవలెను. దీని వలన లభించే తేటదనం మరి దేనివలనను లభించదు. చేతిపంపుతో నడిచే చిన్న ప్రెస్సులు కూడ దొరుకుతాయి. ఐతే ఆహారానికి తగినదని గుర్తించిన మట్టినే వాడవలెను. ఈతకొలనుల వడపోతకు అమ్మే మట్టిలో స్ఫటిక సిలికా అధికం, అది పనికిరాదు. ఏ రకమైనా ఆ దుమ్మును పీల్చరాదు. ముక్కుకు, నోటికి ముసుగు అవసరం.

ఈ మూడింటికీ వ్యయం కాని నాల్గవ మార్గం ఒకటి గలదు. పాకాన్ని పొడవైన జాడీలో కొన్నాళ్లు కదల్చక ఉంచితే ఇసుక అడుగుకు దిగుతుంది. పైతేటను మెల్లగా వంచుకొని, వేడిచేసి నింపుకొనవచ్చును. ఇంటి వాడకానికి ఇది చాలును.

నింపే పాత్ర

వడపోసిన పాకాన్ని 82 నుంచి 88 సెంటిగ్రేడు డిగ్రీల నడుమ సీసాలలో నింపవలెను. 82 కంటె తగ్గితే సీసాలో చేరిన బూజు బీజాలు నశించవు. 88 దాటించి తిరిగి మరగనిస్తే కొత్తగా ఇసుక ఏర్పడి, వడపోత శ్రమ అంతా వృథా అగును. ఇంత ఇరుకైన హద్దులో వేడిని నిలుపుటయే నింపే పాత్రకు పరీక్ష.

అడుగున నేరుగా మంట తగిలే పాత్ర చౌక. కాని అడుగు పాకం మరిగిపోతుండగా పై పాకం చల్లగానే ఉండవచ్చును. చుట్టూ వేడినీటి అర గల జోడుగోడల పాత్రలో వేడి అన్ని వైపుల సమంగా అందుతుంది, పాకం మాడదు. దాని ధర ఎక్కువ. చిన్నవారికి అడుగున కుళాయి గల స్టీలు పాత్ర, నమ్మదగిన థర్మామీటరు, నిదానపు మంట ఉంటే పని జరుగుతుంది.

నింపే ముందు హైడ్రోమీటరుతో చిక్కదనాన్ని మరల చూడవలెను. తడి గుడ్డలోని నీటి వలన పాకం పలుచబడవచ్చును. మూతలేని పాత్రలో ఆవిరై చిక్కబడవచ్చును. 66 బ్రిక్స్‌కు తగ్గితే పులియుటకు, బూజుకు అవకాశం, 68.9 దాటితే అడుగున చక్కెర స్ఫటికాలు కడతాయి.

సీసాలు, డబ్బాలు

గాజుకు వాసన అంటదు, గాలి చొరదు, పాకపు రంగు కంటికి కనబడుతుంది. చల్లని గాజులో వేడి పాకం పోస్తే పగులును గనుక ముందుగా వెచ్చచేయవలెను. ప్లాస్టిక్ జాడీ తేలిక, పగలదు. కాని దాని గోడల గుండా గాలి మెల్లగా చొచ్చి, నెలలు గడిచిన కొద్దీ పాకం నల్లబడుతుంది. క్వెబెక్‌లో 540 మిల్లీలీటర్ల రేకు డబ్బా సంప్రదాయం. దానికి మూత బిగించే యంత్రం వేరుగా కావలెను. మూత బిగించిన సీసాను కొద్దిసేపు ప్రక్కకు పడుకోబెట్టినచో వేడి పాకం మూతను, మెడను తాకి శుద్ధి చేస్తుంది. తరువాత సీసాలను ఎడముగా ఉంచి చల్లార్చవలెను. వేడిమీదనే గుట్టగా పేర్చితే లోపలి సీసాలలో పాకం రంగు ముదురుతుంది.

పాత సామాను విషయంలో హెచ్చరిక

చౌకగా దొరికెనని పాత తొట్లు, పంపులు కొనుట సాధారణం. కాని పూర్వపు తొట్ల అతుకులు సీసం కలిసిన టంకంతో వేసినవి. పాత ఇత్తడి పంపులలోనూ సీసం ఉండవచ్చును. ఆమ్లగుణం గల వేడి పాకం ఆ సీసాన్ని కరిగించుకొంటుంది. సీసం పసిపిల్లల మెదడుకు విషం; అది కంటికి కనబడదు, రుచికి అందదు. ఆహారానికి తగిన స్టెయిన్‌లెస్ స్టీలు, సీసం లేని అతుకు – ఈ రెండింటిలో రాజీ తగదు. మిగిలిన ఖర్చు ఎంతైనా తగ్గించుకొనవచ్చును గాని ఇది కాదు.

ఏ మేరకు ఏది?

ఒక రంధ్రం నుంచి ఋతువంతటికీ సుమారు ఒక లీటరు పాకం వస్తుందని రైతుల అంచనా. ఇరవై ఐదు రంధ్రాలవారికి శంకువు సంచి, కుళాయి పాత్ర, గాజు సీసాలు చాలును. ఒక్కొక్క రోజు వచ్చిన లీటరు, రెండు లీటర్లను విడివిడిగా వడపోస్తే గుడ్డ పీల్చుకొనేదే ఎక్కువ. కావున పాకానికి కొంచెం ముందే దించి, చల్లని చోట భద్రపరచి, నాలుగైదు రోజులది ఒకేసారి ముగించి వడపోయుట మేలు. నూరు రంధ్రాలకు చదును తొట్టి తగును. రెండు వందలకు చేరువై, అమ్మకమే ధ్యేయమైనప్పుడు చిన్న ప్రెస్, జోడుగోడల పాత్ర కొనుటలో అర్థమున్నది. చట్రాలు నిండనంత తక్కువ పాకానికి ప్రెస్ వాడితే కాగితమూ మట్టీ దండుగ, పలకల నడుమ నిలిచిన పాకమూ దండుగే.

కొనబోయే ప్రతి పరికరాన్నీ మూడు ప్రశ్నలు అడుగవలెను: ఇది పాకపు వేడిని నిలుపునా? నాకు ఒక విడతలో వచ్చే పాకానికి సరిపోవునా? తినేవారికి హాని చేయని లోహమేనా? తేనెకు, తాటిపాకానికి, షర్బతుకు వేడి హద్దులు వేరైనను, చిన్న పరిశ్రమ పెట్టదలచిన మన విద్యార్థులు కూడ పరికరం కొనే ముందు ఆ పదార్థపు స్వభావాన్నే మొదట తెలుసుకొనవలెను. సీసా మీద అతికించేది మన పేరు. సీసా లోపల ఉండేది కొన్నవాని నమ్మకం.