వంతెన యెత్తు: ఎచటనుండి ఎచటికి?

మన కోవిల్‌పట్టి, విరుదునగరములకు దక్షిణమున కన్యాకుమారి జిల్లాలో మాత్తూరు తొట్టిపాలము కలదు. దాని యెత్తు 115 అడుగులందురు. ఎచటనుండి ఎచటికి?

వంతెన యెత్తును రెండు విధములుగా కొలుతురు. బాటనుండి లోయ అడుగునకు తూకపుగుండు విడిచినట్లు కొలుచుట మొదటిది. స్తంభపు మొదలునుండి కొనవరకు కొలుచుట రెండవది. ఫ్రాన్సునందలి మియో వంతెన రెండవ కొలతలో 336 మీటర్లు. కాని దాని బాట నదికి సుమారు 270 మీటర్ల యెత్తుననే యున్నది.

2025 జూన్‌లో ప్రారంభమైన జమ్మూ ప్రాంతపు చీనాబు రైలువంతెన మొదటి కొలతలోనే 359 మీటర్లు. దానికి ఆధారమైన కొండవాలులను పటిష్ఠపరచు పనిలో మన తెలుగు ఆచార్యురాలు గాలి మాధవీలత 17 ఏండ్లు తోడ్పడిరి.

కావున అంకెలను పోల్చుటకు ముందు, కొలత ఎచట మొదలై ఎచట ముగిసినదో అడుగుదము.