కడుపు తనను తాను ఎందుకు కరిగించుకోదు?

మనం తిన్న మాంసాన్ని కడుపు కరిగించివేస్తుంది. కాని కడుపు గోడ కూడా మాంసంతో చేయబడినదే కదా! మరి అది ఎందుకు కరిగిపోదు? ఇది మన ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న కనుక శ్రద్ధగా యోచిద్దాం.

నోటిలో నమిలిన ముద్ద అన్నవాహిక గుండా జీర్ణాశయాన్ని చేరుతుంది. అక్కడ కండరాలు దాన్ని చిలుకుతాయి. గోడలోని గ్రంథుల నుండి జఠర రసం ఊరుతుంది. అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెప్సిన్ అనే ఎంజైము ఉంటాయి. ఆమ్లం మాంసకృత్తులను వదులు చేస్తే, పెప్సిన్ వాటిని చిన్న తునకలుగా తెంచుతుంది. గంజిలా మారిన ఆహారం కొద్దికొద్దిగా చిన్నప్రేగులోకి దిగుతుంది. నీరు త్వరగా దిగిపోతుంది, నూనె పదార్థాలు ఆలస్యంగా దిగుతాయి.

ఇదంతా కండరాల రాపిడి వల్ల జరుగుతుందా, లేక రసం వల్లనా అని పూర్వం వైద్యులు వాదించుకునేవారు. 1822లో అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకునికి తుపాకీ గుండు తగిలింది. ప్రాణం దక్కింది గాని కడుపుకు పడిన రంధ్రం పూడలేదు. అతనికి చికిత్స చేసిన విలియం బ్యూమాంట్ 1825లో ఆ రంధ్రం నుండి రసాన్ని సీసాలోకి తీసి, మాంసపు ముక్క వేసి, శరీరమంత వేడిలో ఉంచాడు. కడుపు బయట కూడా మాంసం కరిగిపోయింది. అంటే కరిగించే శక్తి ఆ రసానిదే!

మరి అలాంటి రసం నుండి కడుపును కాపాడేదేమిటి? గోడ లోపలివైపు జిగురు పొర ఉంటుంది. ఆమ్లాన్ని విరిచే క్షారం అందులో ఉంటుంది. దాని కింది కణాలు కొద్ది రోజులకొకసారి కొత్తవిగా మారుతుంటాయి. పెప్సిన్ కూడా గ్రంథుల్లో నిద్రాణంగా ఉండి, ఆమ్లం తగిలాకే పనిచేస్తుంది. సృష్టికర్త ఏర్పాటు ఎంత నిర్దుష్టమైనదో చూడండి!

ఈ రక్షణ దెబ్బతింటే పుండు పడుతుంది. దాన్నే అల్సర్ అంటాం. మన ఇళ్ళలో నింద అంతా మిరపకారం మీదే వేస్తారు. కాని ముఖ్య కారణాలు రెండు. ఒకటి, హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి. దీన్ని కనుగొన్న బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి లభించింది. రెండు, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు. మోకాళ్ళ నొప్పులకు పెద్దవారు వీటిని డాక్టరును అడగకుండా నెలల తరబడి మింగడం ప్రమాదకరం. సూక్ష్మజీవి వల్ల వచ్చిన అల్సర్‌ను యాంటీబయాటిక్ మందులతో నయం చేయవచ్చు.

మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా చిట్కాలతో కాలయాపన చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అల్సర్ ఉన్నవారు రమజాన్ రాకముందే డాక్టరును సంప్రదించాలి. వ్యాధిగ్రస్తులకు ఉపవాసం విషయంలో ధర్మం సడలింపు ఇచ్చింది. దాన్ని ఉపయోగించుకోవడానికి సంకోచించనవసరం లేదు. ఆరోగ్యవంతులు ఇఫ్తార్‌లో ఆత్రపడకుండా బాగా నమిలి, మితంగా తినాలి. శరీరం మనకు అప్పగించబడిన అమానతు. దాన్ని కాపాడుకోవడం మన బాధ్యత.