బెదరు దూరము

హైదరాబాదు నగరమున బంజారాహిల్సు, జూబిలీహిల్సుల నడుమ, నలుదిక్కుల వాహనముల ఘోష చుట్టుముట్టియున్నను లోపల మాత్రము అడవియై నిలిచియున్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానమున, వేకువనే మట్టిబాట వెంట పరుగుతీయుట నాకును, నాకంటె ఆరేండ్లు పెద్దవాడగు నా మిత్రునకును కొన్ని యేండ్లుగా నిత్యకృత్యమైనది. 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన యీ వనము విస్తీర్ణమున ఇంచుమించు 390 ఎకరములే యైనను, దక్కను పీఠభూమికి సహజమైన గుండ్రాళ్ళ సందులయందును, ముండ్లపొదల నీడలయందును ఉడుములకు, ముంగిసలకు, ఏదుపందులకు, సర్పములకు నెలవై, అన్నిటికిని మించి నెమళ్ళకు పుట్టినిల్లై యొప్పుచున్నది. తెల్లవారకమున్నే యొకచోట లేచిన కేకకు మరియొకచోటనుండి బదులు రాగా, ఆ రెండింటి నడుమ బాటపై సాగిపోవుటకంటె మేలైన దినారంభమును నేనెరుగను.

మొదటి దినములలో మా బూట్ల చప్పుడు ఏబది యడుగుల దూరమున వినబడినంతనే నెమళ్ళు మెడలు నిక్కించి, పొదలలోనికి దూరి మాయమగుచుండెడివి. ఏడాది తిరుగునప్పటికి ఆ దూరము ముప్పది యడుగులై, పిమ్మట పదియైనది. కుడికాలు కొంచెము ఈడ్చి నడచెడి యొక మగనెమలి యైతే, మేము ప్రక్కనుండి పోవుచున్నను గింజలేరుట మానెడిది కాదు. ఇది మా మంచితనమునకు లభించిన యోగ్యతాపత్రమని నేను లోలోన మురిసితిని. కాని జంతువుల నడవడిని పరిశీలించు శాస్త్రజ్ఞులు, మనుష్యుడెంత చేరువకు వచ్చువరకు ప్రాణి కదలకుండునో యా దూరమును, అనగా బెదరు దూరమును, కొలిచి చూతురు. హాని చేయనిది పలుమారులు ఒకే తీరున నెదురగుచుండిన, ఆ దూరము క్రమముగా తగ్గునని వారు గ్రహించిరి. మేము ఒకే వేళకు, ఒకే దిక్కునుండి, ఒకే వేగముతో వచ్చి, బాట విడువక పోవుచుంటిమి. ఆ పక్షికి కావలసినది అంతియే. మా హృదయముల లోతుతో దానికి పని లేదు.

ఒక యాషాఢమాసమున, వాన కురిసిన మరునాడు, ఆ కుంటినెమలి బాట ప్రక్కనున్న చదునైన బండపై పురివిప్పి నిలిచినది. ఇంచుమించు 150 పొడవైన యీకలు విసనకఱ్ఱవలె విచ్చుకొని, ప్రతి యీకయు సన్నగా వణకుచుండ, ఆ వణకునుండి చిరుజల్లువంటి సవ్వడి పుట్టుచుండ, నేను నిగ్రహము కోల్పోయి, జేబులోని సెల్‌ఫోను తీసి, బాట దిగి, పొదలు తొలగించుకొనుచు దానివైపు నడచితిని. మిత్రుడు "వద్దు తమ్ముడూ" అనుచునే యుండెను. నాలుగడుగులు వేసితినో లేదో పురి ముడుచుకొనినది. మరునిమిషమున అక్కడ బండయే మిగిలినది. ఫోనులో ఆకులు తప్ప మరేమియు పడలేదు. తిరిగి బాటకెక్కిన నాతో నతడు కోపింపక, "నిన్నటిదాకా మనం దాని లెక్కలో చెట్లవంటివాళ్ళం. ఇవాళ మనుషులమైపోయాం" అనెను. తరువాతి వారములలో ఆ నెమలి మా యలికిడికి ముప్పది యడుగుల దూరముననే తప్పుకొనుచుండెను. ఏడాదిపాటు కూడబెట్టిన దానిని నాలుగడుగులు హరించినవి.

నేను బాట దిగిన నాటి సాయంకాలము ఇంటికి చేరి తలుపు తాళము తిప్పగా, ఆ చప్పుడుకు లోపల నవ్వుచున్న పిల్లల గొంతులు తటాలున తగ్గుట వింటిని. అది క్రొత్త సంగతి కాదు. నేను వినుట క్రొత్త. కొన్ని సాయంకాలములు మిఠాయి పొట్లము తెచ్చి వారిని భుజములపై నెక్కించుకొనువాడను. మరికొన్ని సాయంకాలములు, మరెక్కడనో కలిగిన చిరాకును, చెప్పులు చెదరియున్నవన్న సాకుతో వారిపై గ్రుమ్మరించువాడను. ఏనాడు ఏ తండ్రి వచ్చునో యెరుగని పిల్లలు, గొంతు తగ్గించి, నా ముఖము చూచి, పిమ్మటగాని మాటలాడెడివారు కారు. ఆ పది క్షణముల నిశ్శబ్దమే నా యింట నాకు గల బెదరు దూరము.

వ్యక్తిత్వ వికాసమును బోధించు గ్రంథములు వాక్చాతుర్యమును, ధైర్యమును, ఆకర్షణను విశేషముగా వర్ణించును. అవి నిరర్థకములని నేననను. అయితే నాతో కలసి బ్రతుకువారికి అన్నిటికంటె ముందు కావలసినది, నేను రేపెట్లుందునో వారెరిగియుండుట. క్రూరుడును నియమబద్ధుడు కావచ్చును గదా యని యెవరైన నడిగిన, అట్టివానినుండి ప్రాణులు ఏటేట మరింత దూరము జరుగుననియు, ఆ కొలత యతనిని గూడ సరిగానే కొలుచుననియు చెప్పుదును.

ఈ నిలకడకు మరియొక నిదర్శనము గలదు. 1960 జూలైలో, 26 ఏండ్ల ప్రాయమున, చింపాంజీలను పరిశీలించుటకై నేటి టాంజానియాలోని గోంబె యడవికి పోయిన జేన్ గుడాల్‌ను చూచినంతనే చింపాంజీలు నెలలతరబడి పారిపోవుచుండెడివి. ఆమె వానిని తరుమలేదు. ఒకే తీరు వెలిసిన రంగుల వస్త్రములు ధరించి, దినదినము కొండ యెక్కి, దాగక కనబడునట్లు కూర్చుండెను. తుదకు ఆమె డేవిడ్ గ్రేబియర్డ్ అని పేరిడిన, తెల్లగడ్డము గల యొక మగచింపాంజీ అన్నిటికంటె ముందు భయము విడిచినది. పిమ్మట అరటిపండ్లు పెట్టి చేరదీయ మొదలిడగా వానిలో కలహములు పెచ్చుపెరిగినవి. ఆ పద్ధతిని తగ్గించుకొనవలసి వచ్చినది. ఘాటురోడ్డులపై కార్లు ఆపి కోతులకు తినుబండారములు విసరువారిని చూచినప్పుడెల్ల నాకిది జ్ఞప్తికి వచ్చును. నేను మిఠాయి పొట్లముతో చేసినదియు అదియే గదా!

పిల్లల గొంతులు తగ్గుట విన్న నాటినుండి వీధి మలుపున రెండు నిమిషములు నిలిచి, ఊపిరి కుదుటబడిన పిమ్మటనే యింట నడుగిడుచున్నాను. మంచిదినమైనను చెడ్డదినమైనను అదే గొంతు, అదే పలకరింపు. ఇది మొదట నటనవలె తోచినది. కొన్ని నెలలకు అలవాటై, నా స్వభావముతో కలసినది. తప్పిన దినములును లేకపోలేదు. నా మిత్రుడు మాత్రము ఆ నెమలి సంగతి మరి యెత్తలేదు. మునుపటివలెనే అదే వేళకు గేటువద్ద నిలిచియుండును. అతని మౌనమునుండి నేను నేర్చినది చాల గలదు.

మొన్న మాఘమాసమున, రాలిపోయిన యీకల స్థానమున క్రొత్తవి పెరిగియున్న ఆ కుంటినెమలి, మేము వచ్చునప్పటికి బాట నడుమనే నిలిచియుండెను. మిత్రుడు నా మోచేయి పట్టి యాపెను. పదునైదడుగుల దూరమున మేమిద్దరము కదలక నిలిచియుండగా, అది తొందరపడక బాట దాటిపోయినది. నా సెల్‌ఫోను ఇంటివద్దనే యుండెను.