తరుగని శక్తి – తరుగు నీరు

బొగ్గును ఒకమారు కాల్చినచో బూడిదయే మిగులును. ఎండ, గాలి, పారునీరు అట్టివి కావు. నేడు వాడుకొన్నను రేపు మరల లభించును. కావున వీనిని తరుగని శక్తులందురు. వీనినుండి విద్యుత్తును తీయు పని ప్రపంచమున నెట్లు పెరుగుచున్నదో, అందు మనము నేర్వవలసిన దేమో ఈ పాఠమున విచారింతము.

2000 సంవత్సరమున లోకమందు పుట్టిన ప్రతి 100 యూనిట్ల విద్యుత్తులో సుమారు 19 మాత్రమే తరుగని శక్తులవి. అందును మిక్కిలి భాగము ఆనకట్టలనుండి వచ్చినదే. 2024 నాటికి అవి సుమారు 32 అయినవి. వానిలో నీటివలన 14, గాలివలన 8, ఎండవలన 7. తక్కినవి పిప్పి, ఊక, భూగర్భపు వేడి మున్నగువానివలన వచ్చినవి. 2000లో ఎండ భాగము లెక్కకు రానంత స్వల్పము.

ఇది ధనవంతుల కంపెనీలకే సాధ్యమని తలంపరాదు. డెన్మార్కు దేశమున కోపెన్‌హాగన్ నగరము చెంత సముద్రమునందు 2000లో 20 గాలిమరలను నిలిపిరి. వానిలో 10 ఒక సహకార సంఘమువారివి. ఎనిమిది వేలకు పైబడిన జనులు వాటాలు కొని ఆ సంఘమున జేరిరి.

ఇక మన బావుల సంగతి. ఎండమోటారునకు కరెంటు బిల్లు లేదు. "ఎండ ఊరకనే వచ్చుచుండగా మోటారు నాపనేల?" యని కొందరు మమ్మడుగుచుందురు. ఎండ తరుగదు, భూమిలోని నీరు తరుగును. అందరు పగలెల్ల తోడినచో వేసవికి బోర్లు ఎండును. అప్పుడు పలకలున్నను ఫలమేమి?

ఈ చిక్కునకు గుజరాతు రాష్ట్రము ఖేడా జిల్లాలోని ధుండి గ్రామము ఒక దారి చూపినది. 2016లో అచ్చటి ఆరుగురు రైతులు సంఘముగా నేర్పడి, పైరునకు వలసిన నీరు తోడుకొని, మిగిలిన విద్యుత్తును విద్యుత్ కంపెనీకి యూనిటు 4 రూపాయల 63 పైసల చొప్పున అమ్మసాగిరి. గంటకు 5 యూనిట్లు వాడు మోటారును ఒక గంట వృథాగా నడపిన, ఆ ధర చొప్పున 23 రూపాయల 15 పైసలు నష్టము. మోటారు నాపుటయే రాబడి యైనపుడు నీరు దానంతట నిలుచును.

2019లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన కుసుమ్ పథకమునందును మిగులు విద్యుత్తు నమ్ము పద్ధతి చేర్చబడినది. కావున ఎండమోటారు పెట్టదలచినవారు మున్ముందు వేసవిలో తమ బావి నీటిమట్టము కొలిచి వ్రాసికొనవలెను. మిగులు విద్యుత్తును కొనువారున్నారా యని విచారింపవలెను. ఒక్కని మాటకంటె సంఘము మాటకు బలమెక్కువ గనుక, ఈ విషయమును రాబోవు సభలో చర్చింపగోరుచున్నాము.